హంస గిటారుకు ఇరవై ఒక్క మెట్లు ఎందుకున్నాయి

మా ముత్తాత రంగారావు గారు శామీర్‌పేట అవతల ఏడు ఊళ్ళకు దేశ్‌ముఖ్. ఆయన గుర్రం మీద వెళుతుంటే దారిలో ఉన్నవాళ్ళు చెప్పులు చేతపట్టుకొని పక్కకు నిలబడేవారట. మా తాత నరసింగరావు గారి నాటికి ఏడు ఊళ్ళు రెండయ్యాయి, గుర్రం పోయి జీపు వచ్చింది. మా నాయిన కిషన్‌రావు గారి నాటికి జీపు కూడా పోయింది. మేం ఉండే పెద్ద ఇల్లు, గడి మాత్రం మిగిలింది, అదీ ఒక పక్క కప్పు కూలి. నా పేరు మాధవరావు. ఆ వంశంలో నెలజీతం మీద పని చేసిన మొదటివాణ్ణి నేను. మేడ్చల్ పారిశ్రామికవాడలో ఎలక్ట్రిక్ గిటార్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో డ్రాయింగులు, కొలతలు, తనిఖీ నా బాధ్యత. చేరిన రోజు నుంచి కంపెనీ మూతపడిన రోజు దాకా అక్కడే ఉన్నాను.

ఇప్పుడు అల్వాల్‌లో ఒక అద్దె వాటాలో ఉంటున్నాను. ఈ మధ్య నా ఫోను నన్ను కూర్చోనివ్వడం లేదు.

కారణం చెబుతాను. మా కంపెనీ చేసిన వాటిలో ‘హంస’ అనే వరుస ఒకటి ఉండేది. గిటారు తల భాగం కొద్దిగా వంగి ఉండేది కాబట్టి ఆ పేరు. కంపెనీ నడిచినన్నాళ్ళు హంసను ఎవరూ పట్టించుకోలేదు. దుకాణాల్లో దుమ్ము పట్టి వెనక్కి వచ్చేవి. తయారీ ఆగిపోయి, ఇక దొరకవని తెలిశాక అందరికీ దాని మీద ప్రేమ పుట్టింది. ఇప్పుడు ఇంటర్నెట్‌లో హంస గిటార్ల వివరాల పట్టిక ఒకటి తిరుగుతోంది. ఏ విడతలో ఏ చెక్క, ఏ రంగు, తీగ మోతను పట్టే పికప్‌లు ఎన్ని, మెట్లు ఎన్ని, అన్నీ నిలువు గీతలు గీసి నింపారు. నింపినవాళ్ళలో ఒక్కరు కూడా మా షెడ్డు గడప తొక్కలేదు. అందులో సగం తప్పు. మిగిలిన సగం నిజమే కానీ, దానికి చెప్పిన కారణాలు తప్పు.

“సార్, ఫస్ట్ బ్యాచ్‌కి ఇరవై ఒక్క మెట్లే పెట్టడం వెనక మీ ఫిలాసఫీ ఏంటి?” అని ఒకాయన బెంగళూరు నుంచి ఫోను చేసి అడిగాడు. ఫిలాసఫీ! నేను ఫోను పెట్టేశాను.

పెట్టేస్తే ఊరుకోని మనిషి ఒకరు వచ్చారు. ఆమె పేరు హారిక. తల్లిదండ్రులది భీమవరం వైపు. పేట్ బషీరాబాద్‌లో ఇల్లు కట్టుకొని స్థిరపడ్డారు. ఈమె కంప్యూటర్ ఉద్యోగం మానేసి సుచిత్ర చౌరస్తా దగ్గర గిటార్లు బాగుచేసే దుకాణం పెట్టుకుంది. ఒక పాత హంసను సంచీలో వేసుకొని నేరుగా మా ఇంటికే వచ్చింది.

“అంకుల్, ఈ పట్టిక నేను సరిచేద్దామనుకుంటున్నానండి. మీరు ఒక్కసారి—”

“నేను మీ నాన్నగారి తమ్ముణ్ణి కాను,” అన్నాను.

“సరేనండి, మాధవరావు గారూ. మీరు చెప్పకపోతే వాళ్ళు రాసిందే నిజమైపోతుంది. అది మీకు ఇష్టమేనా అండి?”

ఇష్టం కాదు. అందుకే ఇది రాస్తున్నాను. వాయిద్యాలు చేసే పనిలోకి, బాగుచేసే పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు ఉపయోగపడితే సంతోషం. ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఎవరు శాలువా కప్పారు అనేవి ఇందులో ఉండవు.

చెక్క

పట్టిక ఏమంటుందంటే, మొదటి విడత హంసలకు ‘నాదం కోసం ప్రత్యేకంగా ఎంపిక చేసిన పాత టేకు’ వాడారట. ఎంపిక అనేది నాలుగు రకాలు ముందున్నప్పుడు జరుగుతుంది. మా ముందు ఒక్కటే ఉండేది. అప్పట్లో మేడ్చల్ చుట్టుపక్కల పాత ఇళ్ళు కూల్చి వెంచర్లు వేస్తున్నారు. ఆ ఇళ్ళ దూలాలు, తలుపులు ట్రాక్టర్ల మీద వచ్చి మా గేటు ముందు పడేవి. దగ్గర్లో దొరికేది, బాగా ఎండినది అదొక్కటే. అందుకని టేకు.

టేకు గిటారుకు మంచి చెక్కేమీ కాదు. బరువు. రెండు పాటలు వాయించేసరికి భుజం లాగేస్తుంది. అందులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి జిగురు సరిగా పట్టదు. అతికించే ముందు థిన్నరుతో తుడిచి, ఆరీ ఆరకముందే అంటించాలి. ఆలస్యం చేస్తే నూనె మళ్ళీ పైకి వస్తుంది. కోసే కత్తులు త్వరగా మొద్దుబారతాయి. దాని సన్నని దుమ్ము ముక్కులోకి, గొంతులోకి పోతే ఒక పట్టాన వదలదు. ఈ చివరి మాట గుర్తుంచుకోండి.

ఒకరోజు వచ్చిన ట్రాక్టర్‌లో మా గడి పెద్ద తలుపులు ఉన్నాయి. మా నాయిన అమ్మిన సంగతి నాకు తెలుసు, ఎవరికి అమ్మారో తెలియదు. తలుపు నిండా ఇత్తడి బొడిపెలు కొట్టిన బొక్కలు. షెడ్డులో అందరూ నావైపు చూస్తున్నారు. నేను స్కేలు తీసి, బొక్కలు లెక్కపెట్టి, ‘మేకు బొక్కలు ఎక్కువ, బాడీకి పనికిరాదు’ అని చీటీ మీద రాసి సంతకం పెట్టాను. నిజంగానే పనికిరాదు. వాటిని అడ్డంగా కోసి చిన్న ముక్కలుగా వాడారు. పట్టికలో కొన్ని హంసలకు ‘రెండు ముక్కల బాడీ, అరుదైన డిజైన్’ అని రాశారు. అరుదు ఏమీ లేదు. మధ్యలో బొక్కలున్న భాగం తీసేస్తే మిగిలేది రెండు ముక్కలే.

రంగులు, స్విచ్చులు

హంస ఆకుపచ్చ గురించి పెద్ద పెద్ద వ్యాసాలు రాశారు. శామీర్‌పేట చెరువు నీటి రంగును చూసి కలిపారట. మా పక్క షెడ్డులో వ్యవసాయ పంపుసెట్లు చేసేవారు. వాళ్ళకు రంగు మిగిలింది, మాకు రంగు అయిపోయింది. అంతకుమించి అందులో ఏమీ లేదు. ఆ రంగు ఇనుముకు వేసేది కాబట్టి చెక్క మీద రెండేళ్ళకే సన్నటి పగుళ్ళు వచ్చేవి. ఆ పగుళ్ళను కూడా ఇప్పుడు మెచ్చుకుంటున్నారు. నేను వాటిని చూసినప్పుడల్లా తలదించుకునేవాణ్ణి.

మూడు బటన్ల హంస, రెండు బటన్ల హంస అనే తేడా మరొకటి. ఒక నెల సరఫరాదారు ఐదు స్థానాల్లో తిరిగే స్విచ్చులకు బదులు మూడు స్థానాలవి పంపాడు. వెనక్కి పంపితే లైను ఆగుతుంది. దానికి తగ్గట్టు వైరింగు మార్చి, ఒక బటను తీసేసి, ఆ బొక్కను రంగు వేయకముందే మూసేశాం. మళ్ళీ సరైన స్విచ్చులు రాగానే మూడు బటన్లు వచ్చాయి. పట్టిక రాసినవాళ్ళు దీన్ని ‘రెండో తరం’, ‘మూడో తరం’ అంటున్నారు. రెండు తరాల మధ్య గడిచింది ఇరవై రోజులు.

కొత్తవాళ్ళకు చెప్పేది ఇదే. ఆగిపోయిన ఏ వస్తువు వివరాలు చూసినా, ప్రతి మార్పు వెనుకా ఒక ఆలోచన ఉందనుకోకండి. ఎక్కువసార్లు ఒక కొరత ఉంటుంది. కొన్నిసార్లు ఒక తప్పు ఉంటుంది. ఆ తప్పు ఎవరిదో అడగండి. మొదట చెప్పిన పేరును వెంటనే నమ్మకండి.

ఒక్క మాట యజమాని

మా యజమాని ప్రసాద్ గారు. ఇంజనీరు, గిటారు బాగా వాయించేవారు. చెవి గొప్పది. తీగ వెంట్రుకవాసి తేడాగా మోగినా గది అవతల నుంచి పట్టేసేవారు. మనుషుల మాట వినడానికి మాత్రం ఆ చెవి పనిచేసేది కాదు. ఏం చెప్పబోయినా చెయ్యి అడ్డం పెట్టేవారు.

“ఒక్క మాటలో చెప్పండి మాధవరావు గారూ. ఏంటి సంగతి?”

ఆలస్యం ఎందుకయింది? ఒక్క మాట. రంగు ఎందుకు పగిలింది? ఒక్క మాట. ఆయన చెడ్డవారని అనను. పండుగలకు అందరికీ బట్టలు పెట్టేవారు, ఎవరినీ దూషించేవారు కాదు. కానీ ఒక్క మాటలో జవాబు అడిగే పెద్దమనిషి దగ్గర పనిచేస్తే, నిజం ఎంత పొడుగున్నా దాన్ని కత్తిరించి ఇవ్వడం అలవాటవుతుంది. కత్తిరించేటప్పుడు మన తప్పున్న ముక్కను ఎవరూ ఇవ్వరు. నేనూ ఇవ్వలేదు.

పదకొండు మిల్లీమీటర్లు

గిటారు తెలియనివారికి రెండు ముక్కలు. తీగ ఒక చివర మెడ పైన ఉంటుంది, రెండో చివర బాడీ మీద తీగలను బిగించే పట్టీ, అంటే బ్రిడ్జి దగ్గర ఉంటుంది. మెడ మీద అడ్డంగా దిగగొట్టిన సన్నని లోహపు పట్టీలే మెట్లు, వీణ మెట్ల వంటివే. పన్నెండో మెట్టు తీగ పొడవుకు సరిగ్గా సగంలో ఉండాలి. అలా లేకపోతే ఆ గిటారు ఎంత అందంగా ఉన్నా శ్రుతి కలవదు. ఇంతకంటే పెద్ద సూత్రం ఈ వృత్తిలో లేదు.

హంస నమూనాలు మూడు చేశాం. వాటికి ఇరవై ఒక్క మెట్లు. బజారులో మిగతా గిటార్లకు ఇరవై రెండు ఉన్నాయని ప్రసాద్ గారు మాకూ ఇరవై రెండు కావాలన్నారు. మెట్టు ఒకటి పెరిగితే మెడ చివర బాడీ వైపు పదకొండు మిల్లీమీటర్లు పెరుగుతుంది. మెడ పెరిగినప్పుడు బ్రిడ్జిని అంతే మేర దగ్గరకు జరపాలి. నేను కొత్త మెడను గీశాను. బ్రిడ్జి కొలతను పాత కాగితం నుంచి అలాగే దించాను. నలభై బాడీలకు ఆ డ్రాయింగు వెళ్ళింది.

డ్రిల్లు మీద పనిచేసే మనిషి యాదగిరి. శామీర్‌పేటలో చేపలు పట్టే ఇంటివాడు. వాళ్ళ నాయిన చెరువు మీద తెప్పలు కట్టేవాడు. అలా చెక్కపని ఇతనికి చిన్నప్పుడే అబ్బింది. వాళ్ళ తాత మా గడికి చేపలు తెచ్చి వెనక వాకిట్లో నిలబడేవాడు. అందుకే కంపెనీలో అందరూ నన్ను ‘సార్’ అంటే, యాదగిరి ఒక్కడే ‘దొరా’ అనేవాడు. వద్దని నేనెప్పుడూ అనలేదు.

అతని దగ్గర ఒక కొలత బద్ద ఉండేది. చేతి పొడవు కంటే కొంచెం ఎక్కువ, వాడి వాడి నల్లబడిన కట్టె. ఒక అంచున వాళ్ళ నాయిన తెప్పల కోసం కోసుకున్న గాట్లు. రెండో అంచున యాదగిరి గిటారు కోసం కోసుకున్న గాట్లు మూడే: తీగ మొదలు, పన్నెండో మెట్టు, బ్రిడ్జి. అతనికి అంకెలతో పని లేదు. మెడను బాడీలో పెట్టి, బద్ద ఆనించి, గాటు గాటుకు కలిసిందా లేదా అని చూసేవాడు.

ఆ రోజు నాలుగు బాడీలకు బొక్కలు పెట్టాక అతను నా బల్ల దగ్గరికి వచ్చాడు.

“దొరా, మెడ పెట్టి సూసిన. బ్రిడ్జి బొక్కలు జర ఎనకకు వోతున్నయ్. సిటికెన ఏలు మందం. బద్దకు అందుతలేవు.”

“డ్రాయింగు చూసే పెట్టినవు కదా?”

“సూసే వెట్టిన.”

“మరి ఇంకేంది?”

“ఏం లేదు. మల్లొక్కపారి మీరు సూస్తరేమో అని.”

“నీ బద్దకు అందకపోతే బద్ద మార్చుకో. డ్రాయింగు మారదు.”

అతను వెళ్ళాడు. పది నిమిషాలకు మళ్ళీ వచ్చి, ఈసారి బద్దనే నా బల్ల మీద పెట్టాడు. “కోపం జెయ్యకుండ్రి దొరా. ఒక్కపారి ఆనిచ్చి సూడరాదుండ్రి.”

మా తాత ముందు ‘మళ్ళీ చూడండి’ అన్నవాడు ఆ ఊళ్ళో లేడు. వాళ్ళ తాత అని ఉంటే ఏమయ్యేదో అతనికీ తెలుసు. అతను రెండుసార్లు అన్నాడంటే ఎంత గట్టిగా నమ్మి ఉంటాడో నాకు అప్పుడే అర్థం కావాల్సింది. నాకు వినిపించింది మాత్రం ధిక్కారం.

“కంపెనీలో స్టీలు స్కేళ్ళున్నయి. ఈ కట్టె ముక్కతో కొలిచేది చేపల గంపలను. ఇది ఇక ఇక్కడ కనబడొద్దు,” అని బద్దను నా సొరుగులో పెట్టి తాళం వేశాను.

అతను ఖాళీ చేతులతో ఒక క్షణం నిలబడి, వెళ్ళి మిగిలిన ముప్పై ఆరు బాడీలకు డ్రాయింగు ప్రకారం బొక్కలు పెట్టాడు.

వారం తర్వాత మొదటి గిటారుకు తీగలు బిగించారు. ప్రసాద్ గారు దాన్ని ఒళ్ళో పెట్టుకున్నారు. ఖాళీ తీగ మీటారు, బాగుంది. పన్నెండో మెట్టు మీద నొక్కి మీటారు, స్వరం దిగిపోయింది. ఇంకో గిటారు తీశారు, అదీ అంతే. ఐదు చూశారు. ఆ ఐదోది పూర్తయ్యే లోపే నా కళ్ళ ముందు నా డ్రాయింగు కనబడింది. ఎక్కడ పొరపాటు జరిగిందో మిల్లీమీటరుతో సహా తెలిసిపోయింది.

“ఒక్క మాటలో చెప్పండి మాధవరావు గారూ. ఏంటి తప్పు?”

యాదగిరి నాలుగు అడుగుల దూరంలో ఉన్నాడు.

“డ్రిల్లింగు,” అన్నాను.

అబద్ధం కాదు, చూడండి. బొక్కలు తప్పు చోట పడ్డాయి, అవి పెట్టింది డ్రిల్లు. ఇలాంటి మాటలు తయారుచేయడంలో మా ఇంటివాళ్ళకు తరాల అనుభవం ఉంది.

“ఇతన్ని డ్రిల్లు మీద నుంచి తీసెయ్యండి,” అన్నారు ప్రసాద్ గారు. యాదగిరి నావైపు ఒకసారి చూసి, నేల వైపు చూశాడు. ఆ మధ్యాహ్నం నుంచి అతన్ని ఉప్పుకాగితంతో బాడీలు రుద్దే గదిలో వేశారు. టేకు దుమ్ము తెల్లవారితే ముక్కులో ఉండే గది అది.

బల్ల మీద గిటారు

మర్నాడు ఉదయం నేను వచ్చేసరికి నా బల్ల మీద ఒక హంస ఉంది. ఎవరు పెట్టారో చెప్పాల్సిన పని లేదు. మెడ విప్పి చూశాను. మెడ చివర, ఇరవై రెండో మెట్టుకు ముందు, శుభ్రంగా కోసేశారు. ఆ చివరి మెట్టు పోయింది, దానితో సరిగ్గా పదకొండు మిల్లీమీటర్ల చెక్క పోయింది. మెడ అంతే మేర లోపలికి జరిగి కూర్చుంది. మెడను బాడీకి బిగించే పాత స్క్రూల బొక్కలు నాలుగింటినీ చెక్క చీలలు కొట్టి మూసి, పక్కనే కొత్తవి పెట్టారు. తీగలు బిగించి పన్నెండో మెట్టు మీటాను. సరిగ్గా శ్రుతిలో పలికింది.

నేను నలభై బాడీలను పొయ్యిలోకి పంపే కాగితం రాసి పెట్టుకొని వచ్చాను. మేము దుమ్ము గదిలో వేసిన మనిషి ఒక రంపపు కోతతో వాటన్నిటినీ నిలబెట్టాడు.

దాన్ని నేనే ప్రసాద్ గారి గదికి తీసుకెళ్ళాను. వాయించగానే ఆయన ముఖం వెలిగింది. “బ్రహ్మాండం మాధవరావు గారూ! మీ ఐడియానా?”

నేను కాదనలేదు.

నలభై హంసలూ ఇరవై ఒక్క మెట్లతో బజారుకు వెళ్ళాయి. పెట్టె మీద ‘హంస 21’ అని అచ్చు వేయించారు. తర్వాతి విడత నుంచి డ్రాయింగు సరిచేసి ఇరవై రెండు చేశాం. పట్టికలో ‘స్వచ్ఛమైన నాదం కోసం మెట్టు తగ్గించిన తొలి విడత’ అనీ, ఆ నాలుగు చీలలను ‘కంపనం పెంచే టేకు చీలలు’ అనీ రాసింది వీటి గురించే. ఈ మధ్య ఎవరో ఇంకో వాక్యం చేర్చారు: ఈ విడతలో కొన్ని బాడీలను ‘తాగి వచ్చిన వడ్రంగి’ పాడుచేశాడట. ఆ మాట చదివిన రోజు నేను భోజనం చేయలేదు. యాదగిరి తాగగా నేనెప్పుడూ చూడలేదు.

అతను కంపెనీ మూతపడే దాకా దుమ్ము గదిలోనే ఉన్నాడు. మూడో ఏటి నుంచి దగ్గు మొదలైంది. ఒకసారి, ఒక్కసారే, నా బల్ల దగ్గర ఆగాడు.

“దొరా, బద్ద ఇస్తరా?”

“చూద్దాం,” అన్నాను. మా ఇంట్లో ఆ మాటకు ఇవ్వను అని అర్థం. అది అతనికి నాకంటే బాగా తెలుసు. మళ్ళీ అడగలేదు.

శామీర్‌పేటలో

హారిక తెచ్చిన సంచీలో ఉన్నది హంస 21. ఆమె మెడ విప్పి నాలుగు చీలలు చూపించి, “ఈ ఐడియా ఎవరిదండి?” అని అడిగింది. ప్రసాద్ గారు లేరు. ఎదురుగా ఉన్నది దాదాపు నా మనవరాలి వయసు పిల్ల. ఒక్క మాటలో చెప్పమని ఆమె అడగలేదు. మొత్తం చెప్పాను.

“ఆయన ఉన్నారా అండి?”

“శామీర్‌పేటలోనే ఉన్నాడు.”

“పదండి మరి.”

ఆమె స్కూటరు వెనక కూర్చొని హకీంపేట మీదుగా వెళ్ళాను. ఈ వయసులో, ఆ రోడ్డు మీద, వెన్ను నిటారుగా పెట్టుకొని. ఎలా ఉన్నానో నాకు తెలుసు, మీరు చెప్పక్కరలేదు.

యాదగిరి ఇంటి ముందు రేకుల కింద కూర్చొని వల అల్లుతున్నాడు. ముందు చూసింది అతని భార్య సత్తెమ్మ.

“ఎవలు? మాధవరావు దొరనా? ఆడివిల్ల బండెనక కూసోని వచ్చిండా! జీపేమాయె దొరా?”

“సత్తెమ్మా, నోరు. కుర్సీ ఎయ్యి,” అన్నాడు యాదగిరి. లేవబోయి దగ్గాడు. దగ్గు ఆగేదాకా మేము నిలబడ్డాం.

హారిక మెడ విప్పి గిటారు ఇచ్చింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, కోసిన అంచు మీద బొటనవేలు రాశాడు.

“నేను కోసిందే. గీడ రంపం జర్రంత జారింది, సూడు బిడ్డా.”

“ఈ నాలుగు టేకు చీలలూ మీరే పెట్టారా అండి?”

“టేకెక్కడిది? తుమ్మ.” అతను నావైపు తిరిగాడు. “మీరు టేకని రాసిండ్రా దొరా? టేకుకు జిగురు వట్టదని మీరే సెప్తుంటిరి గదా. తెప్పకు కొట్టంగ మిగిలిన తుమ్మ ముక్కలు ఇంట్ల ఉండె. అవి తెచ్చి కొట్టిన. తుమ్మ గట్టిగ పట్కుంటది.”

నన్ను అతను సరిచేయడం ఇది మూడోసారి. ఈసారి నేను కాగితం తీసి రాసుకున్నాను. రాసుకున్నాక, ఇక చెప్పక తప్పదు కాబట్టి చెప్పాను.

“యాదగిరీ, ఆ రోజు డ్రాయింగు తప్పు. తప్పు నాది.”

“ఎర్కే దొరా. ఆనాడే ఎర్క.”

“ఆయనకెర్క, నాకెర్క, ఈ గల్లీల కుక్కకు గుడ ఎర్క!” సత్తెమ్మ కుర్చీ ఠపీమని వేసింది. “గీ ఒక్క మాట సెప్పనీకి గిన్నేండ్లు వట్టిందా? గీ మనిషి ఎన్ని దినాలు ఆ దుమ్ముల ఉన్నడో ఎర్కనా? ఇగ సెప్పి ఏం జేస్తవ్? దగ్గు వాపస్ తీస్కపోతవా?”

“అంతా రాస్తాను. పట్టికలో నీ పేరు పెడతారు. తాగి పాడుచేశాడని రాసినవాళ్ళచేత ఆ మాట తీయిస్తాను,” అన్నాను.

“తాగినోడని రాసిండ్రా?” యాదగిరి నవ్వాడు. నవ్వు దగ్గులోకి పోయింది. “అది తీయిండ్రి. పోరగాళ్ళు సదువుతరు, మంచిగుండదు.” వల పక్కన పెట్టాడు. చాలాసేపటి నుంచి అడగాలనుకుంటున్నది ఇప్పుడు అడుగుతున్నట్టు నా ముఖంలోకి చూశాడు. ఇన్నేళ్ళలో అతను నా కళ్ళలోకి చూడటం అదే మొదలు.

“పేరుకేముంది గని, నా బద్ద ఏది దొరా? నాయిన తెప్ప గాట్లు దాని మీదనే ఉన్నయ్. ఇప్పుడు ఒక్కటి తెప్ప కడదామంటే ఆ కొలతలు యాది లేవు. నాయిన సచ్చిపోయె, ఇంకెవనికి తెల్వది. బద్ద ఉంటే సాలు.”

హారిక నావైపు చూసింది. సత్తెమ్మ కూడా. నేను నిజం చెప్పాను. అతను తల ఊపి, వల అందుకొని మళ్ళీ అల్లడం మొదలుపెట్టాడు. మేము టీ తాగకుండానే లేచాం, మమ్మల్ని ఎవరూ ఆపలేదు.

పట్టికకు నా సవరణలు

హారిక ఇవి యథాతథంగా చేర్చుతానంది. హంస 21: బాడీ, కూల్చిన ఇళ్ళ పాత టేకు. మెడ బిగింపు దగ్గర నాలుగు చీలలు, తుమ్మ. ఇరవై ఒక్క మెట్లకు కారణం, బ్రిడ్జి పదకొండు మిల్లీమీటర్లు వెనక్కి పడటం. డ్రాయింగు తప్పు మాధవరావుది. డ్రిల్లు చేసిన యాదగిరి ముందే రెండుసార్లు హెచ్చరించాడు. సరిదిద్దింది యాదగిరి, ఒక్కడే. మత్తు మాట అబద్ధం.

ఈ పనిలోకి వచ్చేవారికి ఇంకొక్క మాట చెప్పి ఆపుతాను. గీసే మనిషికి తన గీత కనబడుతుంది. కోసే మనిషికి చెక్క కనబడుతుంది. కోసే మనిషి ‘మళ్ళీ చూడండి’ అంటే లేచి వెళ్ళి చూడండి. అతను ఎవరి మనవడు, మీరు ఎవరి మనవడు అని ఆలోచించకుండా చూడండి. ఐదు నిమిషాలు పడుతుంది. నాకు చూడటం రాలేదు.

శామీర్‌పేటలో యాదగిరికి చెప్పిన నిజం ఇది. కంపెనీ మూసినప్పుడు యంత్రాలను, బల్లలను, అలమారాలను మేడ్చల్ రోడ్డు మీది పాత సామాన్ల దుకాణానికి ఒకే మొత్తంగా అమ్మారు. నా బల్లను సొరుగు తెరవకుండానే లారీ ఎక్కించారు. దాని తాళంచెవి నేనే నా చేత్తో డ్రైవరుకు ఇచ్చాను. బద్ద సొరుగులోనే ఉంది.